ఖాళీ అనే మాట

అనువాదం నా వృత్తి. ఆంగ్ల సాహిత్యం చదువుకున్న రోజులలో షేక్‌స్పియరును తెనిగించాలని కలలు కన్నవాడినే. కాని ఇరవై సంవత్సరాలుగా నా చేతికి వచ్చేవి ఎక్కువగా కార్యాలయాల కాగితాలు: టెండరు ప్రకటనలు, ఆరోగ్య సూచనలు, ఉద్యోగుల వినతిపత్రాలు, సర్క్యులర్లు. వాటిలో కవిత్వం ఉండదు. అయినా ఒక్కొక్కప్పుడు వాటిలోని ఒక్క మాట పూటంతా కలాన్ని కదలనీయదు.

ఇటీవల అట్టి కాగితం ఒకటి వచ్చింది. ఒక ప్రభుత్వ ఆరోగ్య విభాగంలో ఎన్ని పోస్టులు మంజూరయ్యాయో, వాటిలో ఎందరు పనిచేస్తున్నారో, ఇక అక్కరలేదని ఎన్నింటిని వదులుకోవచ్చునో తెలిపే పట్టిక అది. అందులో ఒక గడిపైన ఉన్న ఆంగ్ల పదానికి అలవాటు చొప్పున "ఖాళీ" అని వ్రాశాను. వ్రాసిన తరువాత ఆ మాటను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

ఖాళీ అనే మాటను మనం రెండు విధాలుగా వాడుతాము. "ఆ ఉద్యోగం ఖాళీగా ఉన్నది" అంటే పని ఉన్నది, చేసే మనిషి లేడని. "ఆ మనిషి ఖాళీగా ఉన్నాడు" అంటే మనిషి ఉన్నాడు, పని లేదని. మొదటిది కొరత, రెండవది మిగులు. ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధమైన ఈ రెండు స్థితులకూ మన వాడుకలో ఒకే మాట. మనిషి ఖాళీగా కనపడ్డాడని ఉద్యోగాన్ని ఖాళీగా వదలివేయడం చాలా సులభం. ప్రభుత్వ ఆరోగ్య విభాగాల చరిత్రలో ఈ పొరపాటు ఎన్నిమార్లు జరిగిందో, దాని మూల్యం ఎంతో, మా ఊరి కథతో మొదలుపెట్టి పాఠకులకు చెప్పాలని నా ప్రయత్నం.

నేను పుట్టి పెరిగినది పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్. మధురాకాటి, నీంపురా వీధులలో మొదటిసారి నడిచే తెలుగువారు, బజారులో శ్రీకాకుళం యాస వినపడగానే ఆగి వెనుకకు చూస్తారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పంతొమ్మిదవ శతాబ్దం చివరి సంవత్సరాలలో ఇక్కడ జంక్షను నిర్మించి వర్కుషాపు నెలకొల్పింది. 1902లో వాల్తేరు నుండి కటకం వరకు గల రైలుమార్గం కూడా ఆ కంపెనీ చేతికి వచ్చింది. ఆ మార్గం వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల జనం పనికోసం ఇక్కడికి వచ్చారు. వచ్చినవారు తిరిగి వెళ్లలేదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు, అందరి దృష్టిలో మెదలినది ఈ పట్టణమే.

ఇట్లా వచ్చినవారందరూ వర్కుషాపులో ఫిట్టర్లు, కమ్మరులు కాలేదు. కొందరు ఆరోగ్య విభాగంలో చేరారు. వారి చేతికి సుత్తి రాలేదు. నూనె డబ్బా వచ్చింది. 1936లో చేరిన మా తాతయ్య వారిలో ఒకడు. కాలనీలో ఆ జట్టును దోమల గ్యాంగు అనేవారు.

రైల్వేకు దోమలతో పనేమిటని పాఠకులకు సందేహం కలుగవచ్చు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఖరగ్‌పూర్‌లో రైలుకట్టలు లేచినవి ఇంచుమించు ఆ సంవత్సరాలలోనే. కట్ట వేయాలంటే మట్టి కావాలి. మట్టి తీసినచోట గుంట మిగులుతుంది. వాన కురిస్తే గుంట నిండుతుంది. కట్ట పొడవునా ఇరుప్రక్కలా నిలిచిన ఆ నీటిలో దోమలు పెరిగాయి. అంతేకాక, రైలుకట్టలు, రోడ్డుకట్టలు నీటి సహజ ప్రవాహానికి అడ్డుపడి బెంగాల్‌లో మలేరియాకు దోహదం చేశాయని, ఆ రాష్ట్రపు ప్రజారోగ్య శాఖాధిపతిగా పనిచేసిన బెంట్లీ 1925లో ప్రచురించిన గ్రంథంలో వాదించాడు. జ్వరంతో పడుకున్న డ్రైవరు రైలు నడపలేడు. గ్యాంగుమనిషి పట్టా బిగించలేడు. కావున కంపెనీ లెక్కలోనే మలేరియా ఒక ఖర్చు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోనాల్డ్ సీనియర్-వైట్ అనే కీటక శాస్త్రజ్ఞుడిని ప్రత్యేకంగా మలేరియా నిపుణుడిగా పెట్టుకొని, ఏ గుంటలో ఏ జాతి దోమ పెరుగుతున్నదో పరిశోధింపజేసింది.

శాస్త్రజ్ఞుడు చెప్పినదానిని ప్రతి గుంట దగ్గరకూ మోసుకుపోయినది మా తాతయ్యవంటివారు. వీపున నూనె డబ్బా, చేతిలో పొడుగాటి పిడి గల గరిటె, చంకలో ఒక పుస్తకం. గుంటలో గరిటె ముంచి, వచ్చిన నీటిని వెలుతురుకెత్తి చూచి, అందులో దోమపిల్లలు గింగిరాలు తిరుగుతున్నాయేమో పరీక్షించడం. ఉంటే నీటిమీద పలుచగా నూనె చల్లడం. దోమపిల్ల గాలికోసం నీటి ఉపరితలానికి రాక తప్పదు; నూనెపొర ఆ ఊపిరిని ఆపుతుంది. నీటి తొట్లు, పారవేసిన డబ్బాలు, పైకప్పుల మీద నిలిచిన నీరు, వర్కుషాపు గోడ ప్రక్క గుంటలు అన్నీ అయ్యేసరికి వారం గడిచేది. మరుసటి సోమవారం మళ్లీ మొదటి గుంట.

మా ప్రక్క క్వార్టరులో ఉండిన వర్కుషాపు ఫిట్టరు ఒకరు సాయంత్రాలు మా అరుగుమీద కూర్చొని తాతయ్యను ఆటపట్టించేవారట. "నీదే హాయి బావా. ఎప్పుడు చూసినా డబ్బా ఒకటేసుకొని ఖాళీగా తిరగడమే. ఒక్క దోమైనా ఉంటే కదా!" తాతయ్య చుట్ట ఆర్పకుండానే జవాబు చెప్పేవాడట: "దోమ అగుపడలేదంటే నాకు పన్లేదని కాదు బావా. పనయిందని."

ఈ మాట మా ఇంట్లో అందరం వందసార్లు విన్నాము, నవ్వుకున్నాము. దాని అర్థం ఎంత లోతైనదో నాకు తెలిసినది ఆ పట్టిక అనువదిస్తున్నప్పుడే.

వారం లెక్క

ఆరోగ్య విభాగంలో మనుషుల సంఖ్య ఎందుకంత ముఖ్యమో తెలిసికోవడానికి తాతయ్య నడకనే ఉదాహరణగా తీసికొందాము. మన వాతావరణంలో దోమ గుడ్డు పిల్లయై, ప్యూపాయై, రెక్కలు వచ్చి ఎగరడానికి సుమారు వారం నుండి పది రోజులు పడుతుంది. కావున ఒక గుంటను వారానికొకసారి చూచిన మనిషి ప్రతి తరాన్నీ నీటిలోనే పట్టుకుంటాడు. ఇప్పుడు ఇద్దరు చేసే పనిని ఒక్కరికి అప్పగించామనుకొందాము. అతడు ఎంత నిజాయితీపరుడైనా, ఎంత వేగంగా నడిచినా, ఒక్కొక్క గుంట దగ్గరకు పదునాలుగు రోజులకొకసారి మాత్రమే రాగలడు. అతడు వచ్చేసరికి ఒక తరం దోమలు ఎగిరిపోయి ఉంటాయి.

సగం మందిని తగ్గిస్తే సగం ఫలితమైనా మిగులుతుందని కాగితం మీద తోస్తుంది. గుంట దగ్గర అట్లా జరగదు. మనిషి వచ్చిపోయే గడువు దోమ ఎదిగే గడువును దాటిన తరువాత, మిగిలినవారి శ్రమ చాలావరకు వృథా. వారి జీతం ఇస్తూనే ఉంటాము. దోమలు పుడుతూనే ఉంటాయి. అప్పుడు ఎవరో అధికారి వచ్చి, ఇంతమంది ఉండి కూడా దోమలున్నాయి కదా, వీరివలన ప్రయోజనమేమిటని అడుగుతాడు. మిగిలిన సగం పోస్టులకూ ప్రమాదం ఆ ప్రశ్నతోనే ఆరంభమవుతుంది.

ఆసుపత్రి వార్డులో కూడా ఇటువంటి లెక్కే ఉన్నది. కేంద్ర ప్రభుత్వ సిబ్బంది తనిఖీ విభాగం నర్సుల విషయంలో సూచించిన ప్రమాణం ప్రకారం, సాధారణ వార్డులో 6 పడకలకు ఒక నర్సు, తీవ్ర చికిత్సా విభాగంలో ఒక్క పడకకు ఒక నర్సు ఉండాలి. ఇది కాక సెలవులకు, వారపు విశ్రాంతికి అదనంగా 45 శాతం. ఈ 45 శాతం చూడగానే విలాసమనిపిస్తుంది. కాని లెక్క వేసి చూడండి. సంవత్సరంలో వారపు సెలవులు 52. పండుగలు, ఆర్జిత సెలవులు, ఆకస్మిక సెలవులు, అనారోగ్యం కలిపితే ఇంకొక 50 రోజులు పైబడుతాయి. మనిషి పనిలో ఉండగలిగేది సుమారు 260 రోజులు. రోగి పడక మాత్రం 365 రోజులూ నిండి ఉంటుంది. ఒక స్థానం ఏడాది పొడవునా నిండి ఉండాలంటే ఒకరు చాలరు. దాదాపు ఒకటిన్నర మంది కావాలి. ఖర్చు తగ్గించవలసి వచ్చినప్పుడు మొట్టమొదట కంటికి కనపడేది ఈ అదనపు భాగమే. దానిని తీసివేసిన మరునాడు ఏమీ జరగదు. ఎవరికో జ్వరం వచ్చి సెలవు పెట్టిన రాత్రి జరుగుతుంది.

దేశం నేర్చుకున్న పాఠం

మా తాతయ్య చెప్పిన మాట నిజమో కాదో తేల్చుకోవడానికి మన దేశం ఒక పెద్ద పరీక్షకే గురి అయింది.

1953 ఏప్రిల్‌లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం ప్రారంభమయ్యేనాటికి దేశంలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా సోకుతున్నదని, 8 లక్షల మంది మరణిస్తున్నారని అంచనా. ఇళ్ల గోడలకు డీడీటీ చల్లడంతో వ్యాధి ఎంత వేగంగా తగ్గిందంటే, 1958లో ప్రభుత్వం నియంత్రణ అనే మాటను తీసివేసి నిర్మూలన అనే మాట పెట్టింది. పదిహేను రోజులకొకసారి కార్యకర్త ఇంటింటికీ వచ్చి, జ్వరం ఎవరికున్నదని అడిగి, వేలి కొసన సూది గుచ్చి గాజుపలక మీద రక్తపు చుక్క తీసికొని, మాత్రలిచ్చి, గోడమీద తేదీ వేసి పోయేవాడు. గోడమీద ఆ అంకెలు చూచిన పెద్దలు మన పాఠకులలో ఇంకా ఉంటారు. 1965 నాటికి కేసులు సుమారు 1 లక్షకు దిగాయి.

విజయం అంచుకు వచ్చిన ఆ సమయంలోనే, ఇంతమంది మలేరియా సిబ్బందిని ఏమి చేయాలనే ప్రశ్న పుట్టింది. 1963లో చద్ధా కమిటీ, వ్యాధి అణగిన ప్రాంతాలలో నిఘాను సాధారణ ఆరోగ్య సేవలకు అప్పగించమని సూచించింది. 10,000 జనాభాకు ఒక మౌలిక ఆరోగ్య కార్యకర్త నెలకొకసారి ఇంటింటికీ వెళ్లాలి; మలేరియాతోపాటు జనన మరణాల వివరాలు, కుటుంబ నియంత్రణ పని కూడా చూచుకోవాలి. వినడానికి ఇది సబబుగానే ఉన్నది. ఎట్లాగూ ఆ ఇంటికి వెళ్తున్నాడు కదా, ఇంకొక పని చేస్తే తప్పేమిటి? కాని రెండు మూడు సంవత్సరాలలోనే ముఖర్జీ కమిటీ పరిశీలించి చూడగా, ఆ కార్యకర్త మలేరియా నిఘానూ సరిగా చేయలేకపోతున్నాడు, కుటుంబ నియంత్రణ పనినీ సరిగా చేయలేకపోతున్నాడు. కుటుంబ నియంత్రణకు వేరే సిబ్బంది ఉండాలని ఆ కమిటీ చెప్పవలసి వచ్చింది. 1973లో కర్తార్ సింగ్ కమిటీ మళ్లీ అన్ని పనులనూ కలిపి బహుళార్థ ఆరోగ్య కార్యకర్త అనే పదవిని ప్రతిపాదించింది.

1976లో దేశంలో నమోదైన మలేరియా కేసులు 64 లక్షలు దాటాయి.

కారణం ఒక్క సిబ్బందే అనడం అన్యాయం. దోమలు డీడీటీకి అలవాటుపడ్డాయి. మందులకు, కీటకనాశినులకు కొరత వచ్చింది. పట్టణాల పెరుగుదల కొత్త గుంటలను సృష్టించింది. అయితే ఈ కారణాలన్నీ తలయెత్తుతున్నప్పుడు వాటిని మొదట పసిగట్టవలసినవాడు గోడమీద తేదీ వేసే ఆ మనిషి. అతడి రాక తగ్గిపోయిన చోట్ల, వ్యాధి తిరిగి వచ్చిన సంగతి ఆసుపత్రులు నిండిన తరువాతనే తెలిసింది.

పొరుగున ఉన్న శ్రీలంక కథ ఇంకా తీవ్రమైనది. 1963లో ఆ దేశమంతటా నమోదైనవి 17 కేసులు. పని ముగిసిందని పిచికారీ ఆపి, నిఘా సడలించారు. 1969 వచ్చేసరికి ఒక్క సంవత్సరంలో 5 లక్షలకు పైగా కేసులు. ఆ దేశం మళ్లీ మొదటినుండి మొదలుపెట్టింది; అంతర్యుద్ధం నడుమ కూడా పట్టు విడువలేదు. 2012 తరువాత కొన్నేళ్లపాటు స్థానికంగా ఒక్కరికీ సోకలేదు. 2016 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రీలంకను మలేరియా రహిత దేశంగా ప్రకటించింది. ఈసారి మాత్రం వారు మలేరియా విభాగాన్ని మూసివేయలేదు. విదేశాలనుండి జ్వరంతో దిగే ప్రయాణికులను వెదకి పట్టుకోవడానికి ఆ సిబ్బందిని అట్టే నిలిపారు. కేసులు లేని దేశంలో మలేరియా ఉద్యోగులు ఉన్నారు. అర్ధ శతాబ్దం క్రితం తిన్న దెబ్బ వారికి నేర్పినది ఇదే.

ఎదుటి పక్షం మాట

మాది రైల్వే పట్టణం కనుక, పోస్టులు తగ్గించడం ఎప్పుడూ తప్పేనని నేననలేను. ఇక్కడ మా కళ్లముందే ఎన్నో పనులు అంతరించాయి. ఆవిరి యంజిన్లు ఉన్న కాలంలో బొగ్గు వేసేవారు, బూడిద లాగేవారు, తెల్లవారుజామున బాయిలరు రాజేసేవారు ఎందరో ఉండేవారు. 1990ల మధ్య నాటికి బ్రాడ్‌గేజి మీద ఆవిరి యంజిన్లు నిలిచిపోయాయి. లేని యంజినుకు బొగ్గు వేయడానికి మనిషిని పెట్టుకోమని ఎవ్వరూ కోరరు. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ, ఏ పని మిగిలి ఉన్నది, ఏది మిగలలేదు అని ఎప్పటికప్పుడు చూచుకోవలసిందే. 2020 జులైలో రైల్వే బోర్డు, భద్రతకు సంబంధించినవి తప్ప కొత్త పోస్టుల సృష్టిని ఆపి, ఖాళీగా ఉన్నవాటిలో సగం వదులుకోవలసిందిగా మండలాలకు వ్రాసినప్పుడు చూపిన కారణం ఖర్చుల భారమే. కరోనా వలన రైళ్లు ఆగి రాబడి పడిపోయిన రోజులవి.

కాని అదే సంవత్సరం, అదే కరోనా వలన, రైల్వే ఆసుపత్రుల విలువ దేశమంతటికీ తెలిసివచ్చింది. తన వద్ద 2,500కు పైగా వైద్యులు, 35,000కు పైగా నర్సులు, ఫార్మసిస్టులు మున్నగు సిబ్బంది ఉన్నారని, వారిని కరోనా పోరాటానికి నియోగిస్తున్నానని రైల్వే అప్పుడు సగర్వంగా ప్రకటించింది. ఆ సిబ్బంది ఒక్కరోజులో పుట్టినవారు కారు. నర్సును తయారుచేయడానికి సంవత్సరాలు పడుతుంది. వైద్యుడికి ఇంకా ఎక్కువ. 2017 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం రైల్వే వైద్యులతో సహా కేంద్ర సర్వీసుల వైద్యుల పదవీ విరమణ వయస్సు 65కు పెంచడాన్ని ఆమోదించినది కూడా అందుకే: వెళ్లిపోయేవారి స్థానంలో కొత్తవారు సులభంగా దొరకడం లేదు.

రైల్వేలో మా తాతయ్య వృత్తికి వారసుడైన పదవి ఒకటి నేటికీ ఉన్నది: ఆరోగ్య, మలేరియా ఇన్‌స్పెక్టరు. 2019 రైల్వే నియామక ప్రకటనలో ఈ పదవికి చూపిన ఖాళీలు 289. తరువాత ఇట్టి ప్రకటన వెలువడినది అయిదేళ్లకు, 2024లో, అందులో 126. 2025లో 33. ప్రకటనలో ఉన్నవి భర్తీ చేయదలచిన ఖాళీలే గాని మొత్తం సిబ్బంది కాదు. కావున ఈ అంకెలు తగ్గినంత మాత్రాన విభాగం అంతగా కుంచించుకుపోయిందని చెప్పరాదు. నన్ను ఆలోచింపజేసినది ఆ అంకెల మధ్యనున్న అయిదు సంవత్సరాలు. మనుషులు ప్రతి నెలా పదవీ విరమణ చేస్తారు; దోమలు ప్రతి వారం పుడతాయి; నియామక ప్రకటన అయిదేళ్లకు వస్తుంది. ఈ మూడు గడియారాలూ ఒకే వేగంతో నడవవు. మధ్యలోని వెలితిని ఒప్పంద కార్మికులతోనో, ఉన్నవారిమీద అదనపు భారంతోనో పూడ్చుకోవలసిందే. ఒప్పందపు మనిషి చెడ్డవాడని కాదు. ఏడాది తిరిగేసరికి అతడు ఉండడు. ఏ క్వార్టరు వెనుక ఏ గుంట ఉన్నదో, ఏ ఇంటి ముసలమ్మ తొట్టి నీరు పారబోయనీయదో అతడికి తెలిసేసరికి ఇంకొక మనిషి వస్తాడు. ఆ తెలివిడి ఏ పుస్తకంలోనూ ఎక్కదు.

ఆవిరి యంజిను దగ్గరి మనిషికీ, దోమల గ్యాంగు మనిషికీ గల భేదం ఇక్కడ గమనించాలి. ఇద్దరూ ఒకనాటికి ఖాళీగా కనపడ్డారు. మొదటివాడి పని నిజంగానే పోయింది. అతడు వెళ్లిపోయినా యంజిను తిరిగి రాదు. రెండవవాడి పని కనపడకుండా పోయింది. అతడు వెళ్లిపోతే దోమ తిరిగి వస్తుంది. పట్టికలో ఇద్దరికీ ఒకే గడి.

ఒక రాత్రి

కొన్నేళ్ల క్రితం వానాకాలం చివర మా అమ్మకు జ్వరం వచ్చింది. మూడవనాటికి కళ్లవెనుక నొప్పి, కీళ్లనొప్పులు. రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్చాము. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అవసరం లేదు. ఇటువంటి రాత్రులు ఎన్నో ఊళ్లలో గడుస్తున్నాయి.

అది జ్వరాల కాలం. ప్రతి పడకా నిండి, వరండాలో కూడా చాపలు పరిచారు. రాత్రి పదకొండు తరువాత రెండు వార్డులకు కలిపి ఒక్క నర్సు మిగిలింది. రెండవ ఆమెకు కూడా జ్వరమేనట. డెంగీలో జ్వరం తగ్గిన తరువాతి ఒకటి రెండు రోజులే అపాయకరమైనవి. నాడి, రక్తపు పోటు, మూత్రం పరిమాణం గంటగంటకూ చూడాలి. సెలైను ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే. ఆమె పరుగెత్తుతున్నది. ఒక పడక దగ్గర పోటు చూచి ఇంకొక వార్డులోకి పోయి వచ్చేసరికి అరగంట, ముప్పావుగంట. తెల్లవారుజామున మా అమ్మ చేతులు చల్లబడినట్లు మొదట గమనించినది ప్రక్క పడక రోగి కూతురు. పరుగున వచ్చిన నర్సు క్షణం ఆలస్యం చేయలేదు. డాక్టరును లేపింది, సెలైను వేగం మార్చింది. అమ్మ బ్రతికింది.

ఉదయం డ్యూటీ ముగించుకొని వెళ్తున్న ఆమెకు నేను కృతజ్ఞతలు చెప్పాను. ఆమె చెప్పులు చేత పట్టుకొని మెట్లమీద కూర్చున్నది; పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. "మీ అమ్మగారిని నేను ఇంకా ముందే చూడవలసింది, దాదా" అన్నది బెంగాలీలో. అది క్షమాపణ. చేయని తప్పుకు ఆమె చెప్పిన క్షమాపణ. ఆ రాత్రి లేని రెండవ మనిషి స్థానం ఏ పట్టికలో ఏ గడిలో ఉన్నదో నాకు తెలియదు. దాని బరువు మాత్రం ఎవరి పాదాలమీద పడిందో చూచాను.

ఇంటికి తిరిగివచ్చిన తరువాత మా వీధి చుట్టూ నడిచాను. డెంగీ దోమ మురికికాలువలో పుట్టదు. మంచినీటి తొట్టిలో, పూలకుండీ క్రింది పళ్లెంలో, పాత టైరులో పుడుతుంది. మా ఇంటి వెనుక మేడ కట్టడం ఆగిపోయిన స్థలంలో సిమెంటు తొట్టి నిండుగా నీరున్నది. గరిటె లేకపోతే చెంబు ముంచి వెలుతురుకెత్తి చూచాను. తాతయ్య నేర్పిన విద్య మరచిపోలేదు. చెంబు నిండా గింగిరాలు. ఎవరికి చెప్పాలని ప్రక్కింటివారిని అడిగాను. వెనుక ఒకాయన వచ్చేవాడు కదా అన్నారు. ఆయన ఎప్పటినుండి రావడం లేదో ఎవరికీ గుర్తు లేదు.

పట్టికలో ఏమి వ్రాయాలి

ఈనాడు మన దేశం మళ్లీ ఒక మంచి దశలో ఉన్నది. అందువలననే జాగ్రత్త పడవలసిన దశలో ఉన్నది. 2015లో దేశంలో నమోదైన మలేరియా కేసులు సుమారు 11.7 లక్షలు, 2023లో 2.27 లక్షలు. 2030 నాటికి పూర్తిగా తొలగించాలన్నది ప్రభుత్వ లక్ష్యం. 1965లో వలెనే అంకెలు దిగుతున్నాయి. 1965లో వలెనే, ఇక ఇంతమంది ఎందుకనే ప్రశ్న ఏదో ఒక బల్లమీద తప్పక పుడుతుంది.

ఆ బల్ల దగ్గర కూర్చున్నవారికి నావంటి అనువాదకుడు చెప్పగలిగినది ఒక్కటే. ఒక పోస్టును వదులుకొనే ముందు, ఆ మనిషి ఎందుకు ఖాళీగా కనపడుతున్నాడని అడగండి. పని పోయినందుకా, పని అయినందుకా? ఈ ప్రశ్నకు జవాబు కార్యాలయంలో దొరకదు. గరిటె పట్టుకొని గుంట దగ్గరకు పోయి చూడవలసిందే. అర్ధరాత్రి వార్డులోకి ఒకసారి పోయి రావలసిందే.

ఆ కాగితంలో నేను చివరకు "ఖాళీ" అనే మాట కొట్టివేశాను. "భర్తీ కావలసినవి" అని వ్రాశాను. మూలంలో ఉన్నదానికి అది సరియైన అనువాదం కాదని నాకు తెలుసు. పంపినవారు తిప్పి పంపారు. గడి ఇరుకుగా ఉన్నది, పాత మాటే వేయమన్నారు. వేశాను. జీతం ఆ మాటకే కదా.

అమ్మ ఇప్పుడు కులాసాగా ఉన్నది. ప్రతి సోమవారం ఉదయం ఆమె నేనూ కలిసి ఇంటి చుట్టూ తిరిగి నీరు నిలిచిన పాత్రలన్నీ బోర్లించి వస్తాము. ఎదురింటి పిల్లలు మమ్మల్ని చూచి నవ్వుతారు: "దోమలే లేవు కదా మామ్మగారూ, ఏం వెదకుతున్నారు?" అమ్మ తాతయ్య మాటే చెబుతుంది.